పదహారు కేబీల్లో అరవై మూడు పువ్వులు

2025 జూన్ 11, బుధవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు ఇది మొదలైంది. జనగామలో మా వంటగదిలో నిలబడి చాయ్ వడపోస్తున్నాను. ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"టీచరమ్మా, మానుకోట నుంచి మాట్లాడుతున్న. నాకు లెక్కలు రాకపోతే ఎనిమిదో తరగతిల బెంచి మీద నిలవెట్టినవు. యాదికున్నదా?"

"అట్ల నిలవెట్టినోళ్లు చానామంది బిడ్డా. ఏ సంవత్సరం?"

"ఎనభై ఆరు. తండా పిల్లను. మా యాడి ఆదివారం ఆదివారం హాస్టల్‌కు వచ్చేది, గాగ్రా కట్టుకొని."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ మాట వినగానే నాకు ముందు ఆ అద్దాల కుట్టు పావడా, గాగ్రా, గుర్తొచ్చింది, తరువాత ఆ తల్లి, ఆఖరున ఈ పిల్ల. మాఘమాసంలో తల్లి పోయిందని చెప్పింది. పోయే ముందు రెండు మూడుసార్లు ఒకటే మాట అన్నదట: నా పువ్వులన్నీ టీచరమ్మ డబ్బల ఉన్నయ్.

"ఆమె ట్రంకుపెట్టెల ఒక క్యాసెట్ దొరికింది టీచరమ్మా. మీ డబ్బ ఇంక ఉన్నదా?"

ఉన్నది. అల్మారా మీద పాత దుప్పటిలో చుట్టి ఉన్నది. కాని పనిచేస్తుందా అంటే ఏం చెప్పను? స్టవ్ మీద పాలు పొంగి కిందికి కారాయి. చూస్తూనే ఉన్నాను గాని నా చేయి అటు పోలేదు.

ఆ డబ్బా సంగతి కొంత చెప్పాలి. 1985లో మా తమ్ముడు దుబాయి నుంచి తెచ్చాడు. రెండు అరచేతులంత నల్లటి డబ్బా, మీద రబ్బరు మీటలు. కంప్యూటర్ మొత్తం అందులోనే ఉంటుంది. టీవీకి తగిలిస్తే అక్షరాలు తెర మీద కనిపిస్తాయి. రాసుకున్నది దాచుకోవాలంటే టేప్ రికార్డర్‌లో క్యాసెట్ పెట్టి అందులోకి పంపాలి. మళ్లీ కావాలంటే అదే క్యాసెట్ ఆడించాలి. దాని జ్ఞాపకశక్తి పదహారు కేబీలు. ఇప్పుడు ఫోన్‌లో ఒక పండుగ శుభాకాంక్షల బొమ్మ కూడా అందులో పట్టదు.

అప్పుడు నేను మానుకోట ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఆ తల్లి గాగ్రా మీది కుట్టు మొదటిసారి దగ్గరగా చూసిన రోజు వంగి గళ్లు లెక్కపెట్టాను. ఆమె గీత గీసుకొని కుట్టదు. దారాలు లెక్కపెట్టి కుడుతుంది. అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది గళ్లలో ఒక పువ్వు. నా కంప్యూటర్‌లో కూడా మనకిష్టమైన బొమ్మ గీసుకోవాలంటే సరిగ్గా ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు. నేనేమీ కనిపెట్టలేదు. రెండు లెక్కలు ఒకటేనని నాకు కనబడింది, అంతే.

ఒక్కో వరుసలో ఎనిమిది గళ్లకు ఎనిమిది విలువలు: నూట ఇరవై ఎనిమిది, అరవై నాలుగు, ముప్పై రెండు, పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. కుట్టు ఉన్న గడి విలువ కలపాలి, ఖాళీ గడిది వదలాలి. రెండు కొసల్లోనే కుట్టు ఉంటే ఆ వరుస నూట ఇరవై తొమ్మిది. ఒక పువ్వుకు ఇట్లాంటి సంఖ్యలు ఎనిమిది. ఆదివారాలు ఆమె హాస్టల్ వరండాలో కూర్చొని గళ్లు చెప్పేది, నేను కూడేదాన్ని. రెండేళ్లలో అరవై మూడు పువ్వులు. ఆ యంత్రం ఒకసారికి ఇరవై ఒకటే పట్టుకుంటుంది కాబట్టి మూడు విడతలుగా క్యాసెట్‌లోకి పంపాను. మొదటి విడత గాగ్రా నడుం పట్టీవి. రెండోది రవిక మీదివి. మూడోది అంచులవి. నాకు బదిలీ వచ్చినప్పుడు ఆమె క్యాసెట్ తనకిమ్మన్నది.

"ఏం జేస్తవ్? ఆడించుకోనీకి డబ్బ లేదు గద," అన్నాను.

"నీ తాన డబ్బ ఉండనీ. నా పువ్వులు నా తాన ఉండనీ. ఎవలిది వాళ్ల తాన ఉంటె లొల్లి లేదు," అన్నది.

ఇచ్చేశాను. మేం గళ్లు వేసుకున్న గ్రాఫ్ కాగితాలు తరువాత ఎప్పుడో మా ఇంట్లో చెదల పాలయ్యాయి.

ఫోన్ వచ్చిన మరునాడే రైలెక్కి మానుకోట పోయాను. కేసముద్రం స్టేషన్ దాటినప్పటి నుంచే తలుపు దగ్గర నిలబడ్డాను. ఎవరో పిల్లవాడు సీటిచ్చినా కూర్చోలేదు. ఈ వయసులో అట్లా నిలబడకూడదని తెలుసు.

ఆ పిల్ల ఇల్లు పట్టణం చివర ఉన్నది. ఇప్పుడు యాభై దాటిన మనిషి, బట్టలు కుట్టి బతుకుతుంది. గేటు తీసేసరికి ముంగిట్లో పాత చీర మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఏడాదికి దాచుకునే కాయలకు వానలకు ముందు ఆఖరి ఎండ చూపిస్తారు. మిరపకాయల నడుమ, తెల్లగా మెరుస్తూ, నా క్యాసెట్.

"ఇదేంది బిడ్డా?"

"బూజు వట్టింది టీచరమ్మా. తెల్లగ. అందుకని నాలుగొద్దుల సంది ఎండకు వెడుతున్న. ఎండల బూజు ఉంటదా?"

ఊరగాయ జాడీకి బూజు పడితే ఎండ, బొంతకు ముక్కవాసన వస్తే ఎండ, బియ్యానికి పురుగు పడితే ఎండ. నేనైనా మా అమ్మ నుంచి అదే నేర్చుకున్నాను. క్యాసెట్ చేతిలోకి తీసుకున్నాను. పెనం అంత వేడిగా ఉన్నది. దాని చిన్న కిటికీలోంచి చూస్తే లోపలి టేపు అంచు కొంచెం ముడుచుకొని అలలు తేలింది.

"ఖరాబు చేసిన్నా?" అన్నది.

"చూద్దాం," అన్నాను.

నీడలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. గోడకు తల్లి ఫోటో ఉన్నది. అందులో ఆమె చీరలో ఉన్నది.

"గాగ్రా ఏది?" అని అడిగాను.

"కరువు ఏడాది పట్నం నుంచి ఒకాయన వచ్చి తండాల తండాల తిరిగి పాత కుట్లు కొనుక్కపోయిండు. సంచులు కుట్టి అమ్ముకుంటరంట. అందరు అమ్మిన్రు, మా యాడి కూడా ముక్క ముక్క జేసి అమ్మింది. అద్దాలు, గవ్వలు తీసి దాసుకున్నది. గవి నా తాన ఉన్నయ్. ఆమె చేతి పువ్వు మాత్రం ఇంట్ల ఒక్కటి లేదు."

శ్రావణంలో తండాలో, బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే తీజ్ పండుగకు, ఈసారి ఆడవాళ్లంతా పాత తీరు బట్టలు కట్టుకోవాలని అనుకున్నారట. అంగట్లో యంత్రం మీద కుట్టిన గాగ్రాలు దొరుకుతాయి. ఈమెకు అవి వద్దు. తల్లి గాగ్రా మళ్లీ కుట్టాలి, తల్లి పువ్వులతోనే. చేయి అలవాటు ఉన్నది, రంగులు గుర్తున్నాయి. గళ్ల లెక్కే తెలియదు.

"నేర్సుకోమని ఎన్నిసార్లు చెప్పిందో. నేను చదువుకున్నదాన్నని ఇనలే," అన్నది. వెంటనే నవ్వింది. "లెక్కలు రాకున్నా చదువుకున్నదాన్నే గద టీచరమ్మా."

జనగామలో ఎవరూ ఆ డబ్బాను బాగుచేస్తామనలేదు. ఒక సెల్‌ఫోన్ దుకాణంలో పిల్లవాడు అటూ ఇటూ తిప్పి, "అవ్వా, గిది క్యాలిక్యులేటరా?" అని అడిగాడు. చివరికి ఒక టీవీ మెకానిక్ చెప్పాడు, భూపాలపల్లిలో ఒకాయన ఉన్నాడు, బొగ్గుగనిలో మీటర్లు బాగుచేసి రిటైరయ్యాడు, పాతవి అంటే పడి చస్తాడు అని.

హనుమకొండలో బస్సు మారి, డబ్బాను ఒడిలో పెట్టుకొని పోయాను. ఆయన ఇంటి వెనుక రేకుల షెడ్డులో పాత రేడియోలు, వాల్వులు, బొద్దింకల్లాంటి చిప్పులు. అన్నిటి మీదా సన్నటి నల్ల పొడి. ఆయన గుడ్డతో బల్ల తుడిచి డబ్బా పెట్టించుకున్నాడు, పసిపిల్లను దించుకున్నట్టు.

"అమ్మా, దీన్ని నేను పుస్తకంల చూసిన. చేతితోని ముట్టుడు ఇదే మొదలు," అన్నాడు.

"ముట్టుడు సరే తమ్మీ. బతుకుతదా?"

"బతికిస్త. జర టైం ఇయ్యి."

విప్పి చూపించాడు. మీటల కింది నుంచి వచ్చే పల్చటి పట్టీ విరిగింది. కరెంటును నిలకడ చేసే చిన్న డబ్బీలు, కెపాసిటర్లు, ఎండిపోయి కారాయి. జ్ఞాపకశక్తి చిప్పులు ఎనిమిదింటిలో ఒకటి చచ్చిపోయింది. ఆయన వేలు చూపిస్తున్న చోటల్లా నేను తల వంచి చూశాను. పక్కన ఇంకో ఎనిమిది ఖాళీ సాకెట్లు వరుసగా ఉన్నాయి.

"గివి ఎందుకు ఖాళీ?"

"దీన్ని పెద్దగ చేసుకోనీకి జాగ ఇడిసిన్రు. వీటిల చిప్పులు పెడితే పదహారు కాదు, నలభై ఎనిమిది అయితది."

"నాకు పదహారు చాలు. ముందు ఏముండెనో అదే ఉండాలె."

"సరే తియ్యి," అన్నాడు, మనసు లేకుండా.

జూలై రెండో వారంలో ఫోన్ చేశాడు. గొంతులో పెళ్లి సందడి ఉన్నది. లేచింది అన్నాడు. పట్టీ కొత్తది, కెపాసిటర్లు కొత్తవి. అప్పట్లో చేయి కాలేంత వేడెక్కే ముక్క తీసేసి, చల్లగా ఉండేది వేశాడు. యాంటెన్నా దారి వదిలేసి టీవీకి నేరుగా వైరు ఇచ్చాడు, అక్షరం ముత్యంలా ఉన్నదట. ఆఖరున మెల్లగా, "ఇంకో ముచ్చట అమ్మా, కోపం చెయ్యకు. ఖాళీ సాకెట్లు చూస్తె నాకు పాణం ఒప్పలే. చిప్పులు దొరికినయ్. నింపిన. నలభై ఎనిమిది," అన్నాడు.

నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అప్పుడు చెప్పలేకపోయాను. ఎక్కువైతే నష్టమేమిటి అని నాకు నేనే చెప్పుకొని, గదిలో అటూ ఇటూ తిరిగాను.

జూలై 17, గురువారం. మానుకోట నుంచి ఆమె, జనగామ నుంచి నేను, హనుమకొండ బస్టాండులో కలుసుకొని భూపాలపల్లి చేరాం. వాన పడుతున్నది. ఆయన షెడ్డులో కొబ్బరికాయ, అగరువత్తులు సిద్ధంగా పెట్టుకున్నాడు.

"మిషిన్ మీద కాయ కొట్టుడు వద్దు తమ్మీ. నీళ్లు పడ్తయ్."

"గడప మీద కొడ్త అమ్మా. నేను అంత అమాయకుణ్ణి కాదు," అన్నాడు. గడప మీదే కొట్టాడు. డబ్బాకు మాత్రం ఒక మూల చిన్న కుంకుమ బొట్టు పెట్టాడు. నేను ఒప్పుకున్నాను.

క్యాసెట్ ఆయన ముందే చూశాడు. బూజు తుడిచాడు. "దీన్ని ఎవలు ఎండవెట్టిన్రు?" అని అడిగితే, ఆమె తల దించుకున్నది. "మిరపకాయలతోనా? అబ్బ, ఇగ చదివితే మంట మండుతది," అని నవ్వించాడు. కాని నాతో పక్కకు వచ్చి చెప్పాడు: అంచు ముడుచుకున్నది, టేపు రికార్డరులో ఎప్పుడైనా చుట్టుకోవచ్చు, ఎక్కువసార్లు ఆడించలేం.

అదురుకు టేపు చెదరకూడదని, మధ్యాహ్నం గనిలో రోజూ జరిగే పేలుడు అయ్యేదాకా ఆగాం. బల్ల మీది గ్లాసు గలగలమన్నది, ఆగింది. అప్పుడు ఆయన మీట నొక్కాడు.

ఆ చప్పుడు నేను ముప్పై ఏడేళ్ల తరువాత విన్నాను. ముందు ఒక సన్నటి కూత, తరువాత చెవిలో ఇసుక పోసినట్టు గరగర. తెర అంచుల్లో నీలం, పసుపు గీతలు పరుగెత్తాయి. ఆగాయి. కింద చిన్నగా 'ఓకే' అని పడింది. ఆమె నా మోచేయి పట్టుకున్నది.

పువ్వులు చూపించమని మీటలు నొక్కాను. తెర మీద వరసగా పడ్డాయి: ఏ, బీ, సీ, డీ.

"గిది ఏబీసీడీలే గద టీచరమ్మా?"

ఇంకోసారి నొక్కాను. ఏ, బీ, సీ, డీ. ఇరవై ఒకటో అక్షరం యూ దాకా.

"మొదటిది పోయినట్టున్నది. రెండోది చూద్దాం," అన్నాడు ఆయన. రెండో విడత ఆడింది. 'ఓకే' అన్నది. ఏ, బీ, సీ, డీ. మూడో విడత ఆడింది. 'ఓకే' అన్నది. ఏ, బీ, సీ, డీ.

బొమ్మలు ఏవీ లేనప్పుడు ఆ యంత్రం వాటి చోట ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకుంటుంది. అంటే టేపులో ఏమీ మిగలలేదనే ముగ్గురం అనుకున్నాం. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకున్నది.

"ఒక్కసారి మళ్ల ఏద్దాం. టేపును చదివే హెడ్ జర సర్ది చూస్త," అన్నాడు ఆయన.

వద్దు, కాసేపు ఆలోచిద్దాం అనే మాట నా నాలుక చివర దాకా వచ్చింది. ఎవరూ ఆలోచించే స్థితిలో లేరు. కూర్చోవడం కంటే ఏదో ఒకటి చేయడం నయం అనిపించింది. వెనక్కి తిప్పి ఆడించాడు. కూత మొదలైంది, ఒక్కసారిగా లావెక్కి, ఆవు అరిచినట్టై, ఆగిపోయింది. మూత తీసేసరికి టేపు రబ్బరు చక్రానికి జడలా చుట్టుకున్నది. విప్పుతుంటే రెండు చోట్ల తెగింది. అరవై మూడు పువ్వులూ ఉన్న భాగం మొత్తం కలిపి మీటరున్నర పొడవే. ఆ మీటరున్నరే నలిగింది.

"నేనే ఎండకు వెట్టిన," అన్నది ఆమె.

"రెండోసారి ఆడించింది నేను," అన్నాడు ఆయన.

ఇద్దరూ నా ముఖం చూశారు. బస్సు టైం అయిందన్నాను. డబ్బా ఇక్కడే ఉండనీ, కొత్తగా వేసిన ముక్క ఎంత వేడెక్కుతదో పొద్దుమూకేదాకా ఆన్‌లో పెట్టి చూస్తాను, తరువాత వచ్చి తీసుకపోదురు అన్నాడు. సరేనన్నాను.

బస్సులో ఆమె కిటికీ దగ్గర, నేను పక్కన. రేగొండ దాటాక ఏదో ఒకటి చెప్పాలని, "ఒకటి మాత్రం నాకు యాదికున్నది బిడ్డా. ఇరవై నాలుగు, అరవై, నూట ఇరవై ఆరు, రెండు వందల యాభై ఐదు. మళ్ల అవే తిరగేసి," అన్నాను. ఆమె అరచేతిలో వేలితో గీసి చూపించాను: సన్నగా మొదలై, నిండుగా అయి, మళ్లీ సన్నబడే బిళ్ల.

ఆమె చూసి మెల్లగా అన్నది: "గిది ప్రతి తండాల కుడ్తరు టీచరమ్మా. మా యాడిదొక్కదానిది గాదు."

నేను చేయి వెనక్కి తీసుకున్నాను. నాకు ఒక విషయం కుదరడం లేదు. ఆ యంత్రం టేపులో చదివిన సంఖ్యలన్నీ కలిపి, చివర ఉన్న సరిచూపు సంఖ్యతో పోల్చుకుంటుంది. ఒక్క గడి తేడా వచ్చినా తప్పు అని చెప్తుంది. మొహమాటం లేదు దానికి. టేపు ఖాళీ అయితే 'ఓకే' అని ఎందుకన్నది? అదీ మూడుసార్లు? సంఖ్యలు వచ్చాయి. సరిగ్గానే వచ్చాయి. మరి ఎక్కడికి పోయాయి?

పరకాల బోర్డు కనిపించినప్పుడు అర్థమైంది. లేచి నిలబడ్డాను.

"దిగుదాం పా."

"ఇది పరకాల టీచరమ్మా."

"తెల్సు. దిగు."

కండక్టర్ వానలో మమ్మల్ని చూసి, "అవ్వా, ఆడోళ్లకు ఫ్రీ, జీరో టికెట్ అని ఏడవడితె ఆడ దిగుతరా? హనుమకొండ అంటివి గద," అన్నాడు. ఆమె చేయి పట్టుకొని దిగాను.

బస్టాండు రేకుల కింద నిలబడి ఆమెకు చెప్పాను. కంప్యూటర్ జ్ఞాపకశక్తి ఒక వాడ అనుకో. ఇంటింటికీ నంబరుంటుంది, మొదటి పదహారు వేల చిల్లర ఇండ్లు యంత్రం సొంతానికి. పదహారు ఉన్నప్పుడు వాడ చివరి ఇండ్లలో నీ తల్లి పువ్వులుండేవి. ముప్పై రెండు వేల ఆరువందల నంబరు నుంచి. క్యాసెట్‌లో కూడా ఆ అడ్రసే రాసి ఉంది. ఆయన వాడను పొడుగు చేశాడు. పువ్వులుండే జాగ కొత్త వాడ చివరికి మారింది, అరవై ఐదు వేల మూడువందల అరవై ఎనిమిదికి. పోస్టుమాన్ ఉత్తరం పాత ఇంట్లోనే వేశాడు. మనం పోయి కొత్త ఇంటి తలుపు కొట్టాం. అక్కడ ఏబీసీడీలున్నాయి.

"అయితే పువ్వులు పాతింట్లనే ఉన్నయా?"

"కరెంటు తియ్యకపోతే ఉన్నయ్."

ఆమె నాకంటే ముందు ఫోన్ చేసింది. "అన్నా, డబ్బ బంద్ చేసినవా?"

అవతలి నుంచి వాన చప్పుడు. "లే అక్కా, ఆన్‌లనే ఉన్నది. చాయ్ తాగి ఆర్పేద్దామనుకుంటున్న. ఎందుకు?"

నేను ఫోన్ లాక్కున్నాను. "తమ్మీ, దేన్నీ ముట్టకు. కరెంటు ఎట్లున్నది?"

"మినుకు మినుకు అంటున్నదమ్మా."

"బొగ్గు తవ్వే ఊర్లె కూడా కరెంటు పోతదా?"

"మా బొగ్గుతోని మీకు కరెంటు. మాకు మబ్బు పడితే పోతది."

ఒక్క నిమిషం ఆగమన్నాను. ముప్పై రెండు వేల ఆరువందలను రెండువందల యాభై ఆరుతో భాగించాలి. ఆ యంత్రం అడ్రసును అట్లా రెండు ముక్కలుగా దాచుకుంటుంది. నోటితో గొణుగుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు చూశారు. నూట ఇరవై ఏడు సార్లు పోగా ఎనభై ఎనిమిది మిగిలింది. కొత్త అడ్రసును భాగించాను. రెండువందల యాభై ఐదు సార్లు పోగా మళ్లీ ఎనభై ఎనిమిదే. అంటే మార్చవలసింది ఒకే ఒక్క సంఖ్య: యంత్రం ఆ అడ్రసు రాసుకున్న ఇంట్లో, పోక్ అనే ఆజ్ఞతో, రెండువందల యాభై ఐదు తీసి నూట ఇరవై ఏడు పెట్టాలి.

"ఇంగ్లీషు 'ఓ' అక్షరం మీట నొక్కు. పోక్ అని పడ్డదా?"

"పడ్డది."

"రెండు, మూడు, ఆరు, ఏడు, ఆరు. కామా. ఒకటి, రెండు, ఏడు. మళ్ల చదివి ఇనిపియ్యి."

చదివి వినిపించాడు. ఎంటర్ నొక్కమన్నాను. ఇప్పుడు ఇందాకటి లెక్కనే పువ్వులు చూపించమని అడుగు అన్నాను. ఆమె నా చెవి పక్కనే చెవి పెట్టింది. ఆమె తడి వెంట్రుకలు నా చెంపకు తగులుతున్నాయి.

అవతల వాన చప్పుడే వినిపిస్తున్నది.

"తమ్మీ?"

"వచ్చినయమ్మా." ఆయన కుర్చీ జరిపిన చప్పుడైంది. "ఏబీసీడీలు లేవు. మెట్లు మెట్లుగ, బాణాలోలె, ఏందో వరసగ..."

"ఫోటో తియ్యి! ముందు ఫోటో తియ్యి అన్నా!" అని ఆమె అరిచింది.

ఫోటో వచ్చింది. ఆమె వేళ్లతో పెద్దది చేసుకొని, ఒక్కొక్కటి జరుపుకుంటూ చూసింది. పెదవులు కదులుతున్నాయి, గళ్లు లెక్కపెడుతున్నది. ఆ తలకాయ అట్లా వంగడం నేను వరండాలో ఆ తల్లి దగ్గర చూసిందే.

"గివి అంచులు. మా యాడి అంచులే. ఈ మెట్టు ఆమెనే కుడ్తది, ఇంకెవలు కుట్టరు," అన్నది. తరువాత తలెత్తింది. "నడుం పట్టి పువ్వులేవి టీచరమ్మా?"

చెప్పక తప్పలేదు. మూడు విడతలకూ క్యాసెట్‌లో ఒకటే ఇంటి నంబరు. రెండోది వచ్చి మొదటిదాన్ని వెళ్లగొట్టింది, మూడోది వచ్చి రెండోదాన్ని. ఆఖరున వచ్చింది మాత్రమే మిగిలింది.

"అంటే అవి కూడా వచ్చినయ్. మన ముందట్నే వచ్చి పోయినయ్."

"అవును."

వాన తగ్గింది. హనుమకొండ బస్సు వచ్చి పోయింది. మేం ఎక్కలేదు. ఆ తరువాత వచ్చిన దానిలో ఎక్కాం.

ఆయన మూడు వారాలు తంటాలు పడ్డాడు. నలిగిన టేపును నూలుగుడ్డ మీద పరిచి, బరువు పెట్టి, ముక్కలు అతికించి ఆడించాడు. అర క్షణం కూత, తరువాత బురబుర. యంత్రం ఈసారి తప్పు అనే చెప్పింది, ఎన్నిసార్లు అడిగినా. "అమ్మా, ఎక్కువ పెట్టిన చిప్పులు తీసేసి మళ్ల పదహారు చేస్త," అన్నాడు. వద్దన్నాను. ఇప్పుడు దానికి పదహారైనా నలభై ఎనిమిదైనా ఒకటే.

తీజ్ నాడు నన్ను తండాకు పిలిచింది. ఎర్రటి బట్ట మీద కింద చుట్టూ తల్లి అంచులు కుట్టింది, తల్లి అద్దాలే, తల్లి గవ్వలే. నడుం పట్టీ మాత్రం నున్నగా ఎర్రగా ఉన్నది. ఆమె అత్త వరుస ముసలామె వచ్చి ఆ పట్టీ పట్టుకొని, "పువ్వులేవే? ఇంక కుట్టలేవా?" అని అడిగింది.

"గింతే దొరికింది అత్తా," అన్నది ఆమె.

"అంగట్ల పువ్వులు ఏసుకోపోయినవా? బోసిగ ఉన్నది."

"ఉండనీ," అని ఆమె పట్టీ విడిపించుకొని మొలకల బుట్టల చుట్టూ ఆడుతున్న వాళ్లలోకి పోయింది. ఆటలో కలిసింది గాని, నిలబడి చూస్తున్న నాకు ఆమె చేయి మాటిమాటికీ నడుం మీదికి పోవడం కనిపించింది. నేను అక్కడ ఎక్కువసేపు ఉండలేకపోయాను. చీకటి పడకముందే స్టేషన్‌కు వచ్చి, రైలు రాకముందు ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను.

దొరికినవి అంచులు ఇరవై ఒకటి. పోయినవి ఇవి. నడుం పట్టీ పువ్వులు ఇరవై ఒకటి, అందులో నాకు గుర్తున్న ఒకటి ప్రతి తండాలోనూ ఉన్నదే కాబట్టి ఇరవై. రవిక పువ్వులు ఇరవై ఒకటి. మొత్తం నలభై ఒకటి. పువ్వుకు ఎనిమిది వరుసల చొప్పున మూడువందల ఇరవై ఎనిమిది సంఖ్యలు. టేపు, మీటరున్నర.